నురుగు సరే, ఆ ఉప్పునీళ్లు ఎక్కడ పోయాలి?

సంపాదకుల వారికి,

నమస్కారం. పోయిన ఆదివారం మీ అనుబంధంలో ఇంటి అలంకరణ పేజీలో సముద్రపు అక్వేరియాల గురించి వ్యాసం వేశారు. రాసినవారు ఇష్టపడి రాశారని తెలుస్తూనే ఉంది. అయితే అందులో ఒక మాట నాకు అసలు మింగుడు పడలేదు. ‘ప్రోటీన్ స్కిమ్మర్ ఒకటి పెట్టుకుంటే చాలు, మురికంతా అదే చూసుకుంటుంది, నీళ్లు మార్చే బాధ ఉండదు’ అని రాశారు. స్కిమ్మర్ అంటే ఉప్పునీళ్ల ట్యాంకులోని మురికిని గాలిబుడగలతో నురుగుగా పైకి లాగే యంత్రం. నేను తిరుపతిలోనూ, పిలుపు వస్తే చిత్తూరులోనూ లాడ్జిల్లో, క్లినిక్కుల్లో, ఇళ్లలో ట్యాంకుల సర్వీసు చేసుకుని బతుకుతున్నవాణ్ణి. ఇలాంటి మాట నమ్మి ట్యాంకు పెట్టినవాళ్లు కొన్ని నెలలకు పిలిచేది నన్నే కాబట్టి, వ్యాపారపరంగా చూస్తే నేను నోరు మూసుకుని ఉండాలి. కానీ సంగతి చేపలతో ఆగిపోవడం లేదు, మన ఊరి నేల దాకా, నీళ్ల దాకా వస్తోంది. అందుకే రాస్తున్నాను.

స్కిమ్మర్ చేసే పని నిజంగా గొప్పదే. చేపలు తినగా మిగిలిన మేత, వాటి రెట్ట, ఒంటి జిగురు, పగడాలు వదిలే జిగట నీళ్లలో కలిసి సన్నని సేంద్రియ పదార్థంగా మారతాయి. అందులో చాలా అణువులకు ఒక కొస నీళ్లతో కలుస్తుంది, రెండో కొసకు నీళ్లంటే పడదు. ఆ పడని కొస గాలి వైపు తిరుగుతుంది. స్కిమ్మర్ లోపల పంపు గాలిని పీల్చి, ముళ్లచక్రంతో చితక్కొట్టి, పాలలా తెల్లబడేంత సన్నని బుడగలు చేసి గొట్టంలోకి వదులుతుంది. ఆ బుడగల ఒంటికి మురికి అంటుకుని, నురుగై మెడలోకి ఎక్కి, పైన కప్పులో పడుతుంది. మన చిత్తూరు వైపు బెల్లం వండేచోట కాగే చెరకురసం మీద తేలిన మడ్డిని తీసి పారేస్తారు కదా, దాదాపు అదే పని. అక్కడ మంట పైకి తెస్తుంది, ఇక్కడ గాలి తెస్తుంది.

ఇది ఉప్పునీళ్లలోనే ఎందుకు పనిచేస్తుందని అడిగేవాళ్లు ఉంటారు. మంచినీళ్లలో సన్న బుడగలు ఒకదానిలో ఒకటి కలిసి పెద్దవైపోయి పగిలిపోతాయి. ఉప్పు ఉన్న చోట అంత తొందరగా కలవవు, సన్నగానే పైదాకా వస్తాయి. అందుకే గోల్డ్‌ఫిష్ ట్యాంకుకు స్కిమ్మర్ పెట్టమని అడిగే కస్టమర్లకు నేను వద్దనే చెబుతాను. మీ పాఠకుల్లో చాలామంది 2019 చివర్లో చెన్నై మెరీనా ఒడ్డున మోకాళ్ల ఎత్తున తెల్లటి నురుగు వచ్చిందని, పిల్లలు అందులో ఆడుకున్నారని వార్తల్లో చూసే ఉంటారు. వానలకు శుద్ధి చేయని మురుగు, సబ్బునీళ్లు సముద్రంలో కలిసి, అలలు చిలికితే తేలిన నురుగది. స్కిమ్మర్ కప్పులో చేరేది కూడా ఆ జాతిదే. అందులో ఆడుకోవాలని మాత్రం ఎవరికీ అనిపించదు.

ఒక్కసారి ఆ కప్పు తీసి చూస్తే తెలుస్తుంది. అడుగున నలుపు తిరిగిన ఆకుపచ్చ నీళ్లు, మెడ లోపలి వైపు వేలితో గీస్తే చారపడే గోధుమరంగు జిడ్డు, మూత తీయగానే గదంతా కమ్మేసే కుళ్లు వాసన. ఆ జిడ్డును తుడవకపోతే నురుగు మెడలో జారి కిందికే పోతుంది, కప్పులోకి ఎక్కదు. మురికిని తీయాల్సిన యంత్రం మురికి వల్లనే ఆగిపోతుందన్నమాట. గాలి పీల్చే సన్న గొట్టం మూతి దగ్గర ఉప్పు గడ్డకట్టి మూసుకుపోతుంది. దానికి గోరువెచ్చని మంచినీళ్లు చాలు. కొత్త స్కిమ్మర్ మొదట్లో వారం పది రోజులు మొరాయిస్తుంది, ప్లాస్టిక్ మీద ఉన్న ఫ్యాక్టరీ జిడ్డు వదిలేదాకా ఓపిక పట్టాలి. తలకు కొబ్బరినూనె రాసుకున్న చెయ్యి అలాగే ట్యాంకులో ముంచితే నురుగు చప్పున పడిపోయి కొన్ని గంటలపాటు లేవదు. మా కస్టమర్లలో ఒక పెద్దావిడకు ఇది ఎన్నిసార్లు చెప్పినా నవ్వేస్తారు తప్ప నమ్మరు.

కరెంటు సంగతి మీ వ్యాసంలో లేనే లేదు. మన దగ్గర వేసవిలో ఎప్పుడు పోతుందో తెలియదు. కరెంటు పోగానే పై ట్యాంకు నీళ్లు కొన్ని కింది సంపులోకి (ట్యాంకు కింద స్కిమ్మర్ పెట్టుకునే తొట్టిలోకి) దిగి అక్కడ మట్టం పెరుగుతుంది. తిరిగి రాగానే స్కిమ్మర్ ఆ లోతులో ఒక్కసారిగా అందుకుంటుంది, కప్పు పొంగుతుంది. అప్పటిదాకా పట్టిన మురికంతా తిరిగి సంపులోనో, కింద పలకల మీదో. రాత్రిపూట జరిగితే పొద్దున హాల్లోకి వచ్చినవాళ్లు ముక్కు మూసుకోవాల్సిందే. పైగా స్కిమ్మర్ నీళ్లకు గాలి కూడా అందిస్తుంది. అది ఆగితే ముందు ఇబ్బంది పడేది చేపల ఊపిరి. అందుకే ఇన్వర్టర్ మీద దేన్ని పెట్టాలో తేల్చుకోవాల్సి వస్తే లైట్లు కాదు, నీళ్లు తిప్పే పంపు పెట్టమంటాను.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. స్కిమ్మర్ అంతా తీసేయదు. అమెరికాలో పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీ కెమిస్ట్రీ ప్రొఫెసర్ కెన్ ఫెల్డ్‌మన్ పదిహేనేళ్ల కిందట రకరకాల స్కిమ్మర్లను కొలిచి చూశారు. నీళ్లలో ఉన్న మొత్తం సేంద్రియ కార్బన్‌లో అవి తీయగలిగింది సుమారు 20 నుంచి 30 శాతం. మంచి మోడలూ చవక మోడలూ మధ్య ప్రకటనల్లో చెప్పేంత తేడా కూడా కనపడలేదు. మిగిలినదాన్ని బాక్టీరియా తినాల్సిందే. అలా తిన్నప్పుడు అమోనియా వస్తుంది, దాన్ని వేరే బాక్టీరియా నైట్రైటుగా, నైట్రైటును నైట్రేటుగా మారుస్తాయి. ఆ నైట్రేటు, మేతలోంచి వచ్చే ఫాస్ఫేటు పూర్తిగా నీళ్లలో కరిగే లవణాలు. బుడగకు అంటుకునే కొస వాటికి లేదు. కాబట్టి స్కిమ్మర్ ఎంత పెద్దదైనా అవి పేరుకుంటూనే ఉంటాయి, అద్దాల మీద నాచు పెరుగుతుంది, పగడాల రంగు గోధుమగా మారుతుంది. నాచుమొక్కలు పెంచి కొంత తగ్గించవచ్చు, మందులు వాడి కొంత తగ్గించవచ్చు. ఇళ్లలో ట్యాంకు పెట్టుకునే మామూలు మనిషికి మాత్రం పాత నీళ్లు కొంత తీసి కొత్త ఉప్పునీళ్లు పోయడమే తేలిక దారి.

అలా తీసిన పాత నీళ్లు ఎక్కడ పోయాలి? ఈ ప్రశ్న మీ వ్యాసంలోనే కాదు, ట్యాంకులు అమ్మే షాపుల్లోనూ వినపడదు.

లెక్క వేద్దాం. సముద్రపు నీళ్లలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పులు ఉంటాయి. 400 లీటర్ల ట్యాంకులో రెండు వారాలకొకసారి పది శాతం మారిస్తే 40 లీటర్లు, అంటే 1.4 కిలోల ఉప్పు. ఏడాదికి 36 కిలోల పైమాట. తాగునీటికి భారత ప్రమాణాల్లో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకపోతే మంచిదని ఉంది. ఉప్పు అసలే లేని నీళ్లు 2,800 లీటర్లను ఆ గీత దాకా తీసుకెళ్లడానికి ఆ ఒక్క 40 లీటర్లు సరిపోతాయి. ఇది ఇంట్లో ఉండే ట్యాంకు సంగతి. లాడ్జి హాల్లో 1,500 లీటర్ల ట్యాంకు ఉంటే ఒక్కోసారి 150 లీటర్లు, ఐదు కిలోల పైన ఉప్పు బయటికి వస్తుంది.

చెన్నైలోనో విశాఖలోనో అయితే చివరికి అది సముద్రానికే చేరుతుందని సర్దిచెప్పుకోవచ్చు. మనది కొండ కింది ఊరు. కళ్యాణి డ్యాం, తెలుగుగంగ నీళ్లు, అవి చాలని చోట బోర్లు, బోర్లు ఎండితే ట్యాంకర్లు. బోరు నీళ్లే ఉప్పగా ఉన్నాయని ఇంటింటా వాటర్ క్యాన్లు తెప్పించుకుంటున్నాం. అలాంటి ఊర్లో ఒక లాడ్జిలో నేను కళ్లారా చూసింది చెబుతాను, పేరు అనవసరం. సర్వీసుకు వచ్చిన కుర్రాళ్లు ట్యాంకు నీళ్లను గొట్టం పెట్టి నేరుగా వెనకాల ఉన్న ఇంకుడు గుంతలోకి వదులుతున్నారు. అదేమని అడిగితే మేనేజరు, ‘ఏందన్నా, నీళ్లే గదా, వృథా పోకుండా భూమిలోకి ఇంకితే మంచిదే గదా’ అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. నీళ్లు పారబోయకూడదని ఏళ్ల తరబడి మనమే చెప్పాం, ఆయన పాటిస్తున్నాడు. వాననీళ్ల కోసం తవ్విన గుంతలోంచి ఉప్పు నేరుగా పక్క బోరు వైపు దిగుతోందని ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఆ గుంత పక్కనున్న గన్నేరు మొక్కల ఆకుల అంచులు అప్పటికే మాడిపోయి ఉన్నాయి. ఉప్పు ఎక్కువైన మట్టిలో వేరు నీళ్లను లాక్కోలేదు. సోడియం చేరిన బంకమన్ను గట్టిపడి, వాన పడినా ఇంకనివ్వదు.

మంచినీళ్ల అక్వేరియం పాత నీళ్లు మొక్కలకు పోస్తే అవి ఏపుగా పెరుగుతాయి, నిజమే. ఆ అలవాటునే ఉప్పునీళ్లకూ పట్టించేస్తున్నారు. మేడ మీద కుండీల్లో పోసి, ‘చేపల ఎరువు వేసినా మల్లె ఎందుకు చచ్చిపోయింది’ అని నన్ను అడిగినవాళ్లు ఉన్నారు.

నేను చేసే పద్ధతి ఇది. భూగర్భ డ్రైనేజీ కనెక్షన్ ఉన్న ఇల్లయితే పాత నీళ్లను బాత్రూం లైనులో, ఇంట్లో వాడకం ఎక్కువగా ఉండే పొద్దుటి పూట, కొంచెం కొంచెంగా వదులుతాను. మిగతా మురుగుతో కలిసి పలచనై శుద్ధి కేంద్రానికి పోతుంది. స్కిమ్మర్ కప్పు మాత్రం కమోడ్‌లోనే వంచి ఫ్లష్ చేస్తాను. గిన్నెలు కడిగే సింకులో కడగనివ్వను. డ్రైనేజీ కనెక్షన్ లేక సెప్టిక్ ట్యాంకు మాత్రమే ఉన్న ఇంటికి పెద్ద సముద్రపు ట్యాంకు వద్దని ముందే చెప్పేస్తాను. ఇంటి ముందు తెరిచిన కాలువలో పోయడం కూడా తప్పే. వానాకాలం అది ఏ చెరువుకో స్వర్ణముఖికో చేరేదే. తీసిన నీళ్లను వెంటనే పారబోయకుండా వాటితోనే స్పాంజీలూ వడపోత సంచులూ కడుక్కుంటే, అందుకు వేరే నీళ్లు అక్కర్లేదు, స్పాంజీల్లో ఉన్న మంచి బాక్టీరియా కూడా బతుకుతుంది. కొత్త ఉప్పునీళ్లు కలపడానికి ఆర్వో నీళ్లు తయారు చేసినప్పుడు బయటికి పోయే నీళ్లు కొన్ని మిషన్లలో మంచినీళ్లకు మూడింతలు ఉంటాయి. వాటిని బకెట్లో పట్టి నేల తుడవడానికి వాడుకోవచ్చు. ఈ వ్యవహారం మొత్తంలో వృథా కానిది ఉప్పు వచ్చే ప్లాస్టిక్ బకెట్ ఒక్కటే. ఖాళీ కాకముందే ఇంటావిడ మాట తీసుకుంటుంది, బియ్యం పోసుకోవడానికి.

ఇంకో సంగతి ఈ పని చేసే కుర్రాళ్ల గురించి. ఉత్త చేతులతో కప్పులు కడుగుతారు, రాళ్లు రుద్దుతారు. చేతి మీద చిన్న గాయం ఉన్నా మైకోబాక్టీరియం మారినం అనే సూక్ష్మజీవి లోపలికి పోవచ్చు. వేళ్ల మీద మానని గడ్డలు లేస్తాయి, నెలల తరబడి యాంటీబయాటిక్స్ వాడాల్సి వస్తుంది. అలాంటి గడ్డతో డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ‘నేను చేపల ట్యాంకులు కడుగుతాను’ అని ముందే చెప్పాలి. చెప్పకపోతే ఆయనకు ఆ ఆలోచనే రాకపోవచ్చు. అంతకన్నా భయపెట్టేది పాలీథోవా అనే బటన్ పగడాల్లో కొన్నిటిలో ఉండే పాలీటాక్సిన్ విషం. వాటిని వదిలించుకోవడానికి అవి అంటుకున్న రాయిని వేడినీళ్లలో ఉడకబెట్టి, ఆ ఆవిరి పీల్చి ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలైన సంఘటనలు విదేశాల్లో నమోదయ్యాయి. మన దగ్గర ‘వేడినీళ్లు పోస్తే పోతుందన్నా’ అనే సలహా చాలా మామూలుగా వినపడుతుంది. దయచేసి ఎవరూ ఆ పని చేయొద్దు. గ్లౌజులు వేసుకోండి, కళ్లకు అద్దాలు పెట్టుకోండి, రాయిని ఉడకబెట్టొద్దు.

ట్యాంకు మీద మోజు తీరాక ‘పాపం, చంపడమెందుకు’ అని చేపలనూ నాచునూ తీసుకెళ్లి పులికాట్‌లోనో సముద్రంలోనో వదిలి వద్దామనుకునేవాళ్లూ ఉన్నారు. అక్వేరియంలోది బయట సముద్రంలో పడితే సంగతి ఎంతదూరం పోతుందో మధ్యధరా సముద్రంలో చూశారు. అక్వేరియాల్లో అందంగా పెరిగే కౌలెర్పా టాక్సిఫోలియా అనే నాచు 1984లో మొనాకో తీరంలో చిన్న ముక్కగా కనిపించింది. తర్వాత అడుగున ఎకరాలకు ఎకరాలు కప్పేసింది. అదే నాచు 2000లో కాలిఫోర్నియా ఉప్పుటేర్లలో బయటపడితే, టార్పాలిన్లు కప్పి లోపలికి క్లోరిన్ ఎక్కించి, ఆరేళ్లు కష్టపడి, లక్షల డాలర్లు పోసి తుడిచిపెట్టారు. మన చెరువుల్లో చేపల రైతులను ఏడిపిస్తున్న సక్కర్ చేప కూడా అక్వేరియాల్లోంచి వచ్చిందే. నాచు తీసేస్తే ఎండలో బాగా ఎండబెట్టి చెత్తలో వేయాలి. చేపలను షాపుకో, పెంచుకునే మరొకరికో ఇవ్వాలి.

చట్టం గురించి రెండు మాటలు. రాతి పగడాలన్నీ, సముద్రపు విసనకర్రలూ (సీ ఫ్యాన్ అనే పగడాలు) 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. మన సముద్రంలోంచి తీసినవి బతికున్నవైనా ఎండిపోయినవైనా కొనడం, అమ్మడం నేరం. సముద్రగుర్రాలకూ అదే వర్తిస్తుంది. ట్యాంకు ఎత్తేశాక మిగిలిన తెల్లటి పగడపు రాళ్లను షోకేసులో పెట్టుకున్నవాళ్లు అవి ఎక్కడివో ఒకసారి ఆలోచించుకోవాలి.

నగరపాలక సంస్థ వారికి నా విన్నపం పెద్దదేమీ కాదు. లాడ్జిలకు, హోటళ్లకు అనుమతులు ఇచ్చేటప్పుడు సముద్రపు అక్వేరియం ఉందా, దాని నీళ్లు ఏ లైనులోకి పోతున్నాయి అని ఒక గడి చేర్చండి. ఇంకుడు గుంత దగ్గర ‘వాననీళ్లు మాత్రమే’ అని ఒక బోర్డు పెట్టించండి. అది అక్వేరియం నీళ్లకే కాదు, వాటర్ సాఫ్ట్‌నర్లు కడిగిన ఉప్పునీళ్లను అందులోకి వదిలేవాళ్లకూ పనికొస్తుంది, వాళ్లు మాకంటే చాలా ఎక్కువమంది. షాపులవాళ్లు ట్యాంకుతో పాటు పాత నీళ్లు ఎక్కడ పోయాలో, ఎక్కడ పోయకూడదో తెలుగులో అచ్చువేసిన ఒక కాగితం ఇవ్వొచ్చు. మేం సర్వీసువాళ్లం కూడా బిల్లు వెనక అది వేయించుకోవచ్చు. నా బిల్లు పుస్తకం అయిపోవచ్చింది, ఈసారి వేయిస్తాను.

చివరగా మీ ఫొటో గురించి. రెండడుగుల ట్యాంకులో నీలం రంగు, పసుపు తోక ఉన్న చేపను వేశారు. దాన్ని బ్లూ టాంగ్ అంటారు. అది పూర్తిగా పెరిగితే ఒక అడుగు దాకా ఉంటుంది, రోజంతా ఈదుతూ తింటూనే ఉంటుంది, ఆ లెక్కలోనే రెట్ట వేస్తుంది. ఆ ఫొటో చూసి అదే ట్యాంకు, అదే చేప కావాలని ఈ వారంలోనే నాకు ఫోన్లు వచ్చాయి. ఆ సైజు ట్యాంకుకు ఒక క్లౌన్‌ఫిష్ జంట సరిపోతుంది, అవి హేచరీల్లో పుట్టినవే దొరుకుతున్నాయి కూడా. వచ్చే ఆదివారం అదే పేజీలో ఈ సవరణ వేస్తే మేలు చేసినవారవుతారు.

ఇట్లు,
అక్వేరియం సర్వీసు చేసుకునే ఒక పాఠకుడు,
బైరాగిపట్టెడ, తిరుపతి.